వంటింటి వాసన, కిడ్నీ రోగి ఆకలి

“సిస్టరమ్మా, మా ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడు” అని ఉద్దానం నుండి వచ్చే ఆడవారు మాతో తరచుగా చెబుతుంటారు. ఇది వంట లోపం కాదమ్మా. కిడ్నీలు పాడైనప్పుడు రక్తంలో మలినాలు పేరుకుంటాయి. నోటి రుచి మారుతుంది, కూర వాసన తగిలితేనే వికారం పుడుతుంది. డయాలసిస్ చేయించుకునేవారు తినకపోతే త్వరగా నీరసిస్తారు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. చికిత్స దగ్గరకు వచ్చినా, నాలుగు ముద్దలు తినిపించవలసింది మాత్రం ఇంట్లోవారే.

ఇంట్లో ఇలా చేయండి:

• ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, రోగికి పెట్టకండి. మిగతావారికైతే పెరట్లో వండండి.
• పచ్చిచేపను చింతపండు నీళ్లతో కడగండి. పులుపు నీచు వాసనను తగ్గిస్తుంది.
• వంట చేసేటప్పుడు, తరువాత అరగంట సేపు ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరవండి.
• చేప కడిగిన నీళ్లు, పొలుసు వెంటనే బయట పారబోయండి. మసిగుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి.
• జీడిపిక్కల తొక్కు పొయ్యిలో పెట్టకండి. దాని ఘాటు పొగకు కళ్లు, గొంతు మండుతాయి.
• అగరుబత్తి వాసనను కప్పుతుందే గాని పోగొట్టదు, పైగా పొగ.
• అన్నం, కూర కాస్త చల్లార్చి పెట్టండి. వేడి తగ్గితే వాసనా తగ్గుతుంది.

ఇన్ని చేసినా వాంతులు ఆగకపోతే, తిండి సహించకపోతే, వాసన వల్లేనని సరిపెట్టుకోకండి. డయాలసిస్ రోజు వరకు ఆగకుండా డాక్టరుగారికి చూపించండి.