కిరాణా బహుమతి కార్డు: ధర పెరిగితే నష్టం ఎవరిది?

బేగంపేట: నూనె, పప్పుల ధరలు పుంజుకునే రోజుల్లో గుమాస్తాలకు, డీలర్లకు వెండి నాణెం కంటె కిరాణా కార్డే మేలు. ఇంటికి పనికివస్తుంది. అయితే కార్డుపై ఉండేది రూపాయలే, కిలోలు కావు.

2024లో వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. వారం తిరిగేసరికి, 14న, ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మొత్తం దిగుమతి సుంకాన్ని కేంద్రం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. లెక్కకు, కిలో 125 రూపాయల నూనె 160కి చేరితే 1,000 రూపాయల కార్డుకు వచ్చే 8 కిలోలు ఆరుంబావుకు దిగుతాయి. చవితికి కార్డు అందుకుని దసరాకు వాడుకునే గుమాస్తాకే ఈ నష్టం. యజమానికి పైసా తేడా రాదు. 2025 మే 30న సుంకం 16.5 శాతానికి తగ్గిందనుకోండి, అప్పటికి పండుగలు దాటిపోయాయి.

'5 లీటర్ల నూనె' అని చీటీ ఇస్తే భారం యజమానిది. అటువంటివారు ముందుగానే సరుకు బుక్ చేసుకోవాలి.

డీలర్లకు ఇచ్చేవారికి మరొక చిక్కు. 2022 జూలై 1న అమల్లోకి వచ్చిన 194ఆర్ నిబంధన, ఏడాదిలో 20,000 రూపాయలు మించిన వ్యాపార కానుకలపై 10 శాతం పన్ను కోత విధించింది. కార్డులోంచి నగదు కోయలేరు గనుక, ఆ పన్ను జమ అయిందని చూసుకున్నాకే కార్డు అందజేయాలి.