కష్టకాలంలో సౌందర్య పోషణ

రాబడి తగ్గిన ఇంట గృహిణి మొదట వాయిదా వేయునది పట్టుచీరను, నగను. పౌడరు, కాటుక, ముఖానికి పూసుకొనే క్రీము మాత్రం వెచ్చాల చీటీలో నిలిచియే ఉంటాయి. అమెరికాలో ఎస్టీ లాడర్ సంస్థ ఛైర్మన్ లెనార్డ్ లాడర్ 2001లో ఇట్టి ధోరణికే ‘లిప్‌స్టిక్ సూచిక’ అని పేరు పెట్టారు. ఆ సూచిక అన్నివేళలా నిజం కాలేదు. 2020లో మాస్కులు వచ్చిన తరువాత లిప్‌స్టిక్ అమ్మకాలే తగ్గాయి. అయినను, కష్టంలో చిన్న అలంకారంతో ఊరట పొందుట మానవసహజం.

దీనిని దుబారాయని నిందించుట తగదు. గురుకులంలో నేను అభ్యసించిన చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయం అభ్యంగాన్ని, స్నానాన్ని, సుగంధమాల్య ధారణను ఆరోగ్య విధులుగానే చెప్పినది. వాటివలన దేహానికి పుష్టి, మనస్సుకు ప్రసన్నత కలుగుతాయి. కనుక మానవలసినది పోషణను కాదు, దానికై చేసే వృథా వ్యయాన్ని.

చిన్న పొట్లాల ఖర్చు కంటికి ఆనదు. రోజుకు 10 రూపాయలైనచో ఏడాదికి 3,650 రూపాయలు! చవకయని కొనే కొన్ని తెల్లబరచు క్రీములలో స్టెరాయిడ్లు, పాదరసం ఉండుట కద్దు. స్టెరాయిడ్ల వలన చర్మం పలుచబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. పాదరసం మూత్రపిండాలకు హాని చేస్తుంది. అప్పుడు వైద్యానికయ్యే ఖర్చు అదనం.

ఇంట చేసుకొనే సున్నిపిండి

పెసలు అర కిలో, సెనగపప్పు 100 గ్రాములు, వట్టివేళ్లు 50 గ్రాములు, గంధకచ్చూరాలు 50 గ్రాములు, కస్తూరి పసుపు 25 గ్రాములు. వీనిని బాగా ఎండబెట్టి, మర పట్టించి, జల్లించి, తడి తగలని సీసాలో భద్రపరచవలెను. వట్టివేరు చరకుడు చెప్పిన పది వర్ణ్య ద్రవ్యాలలో ఒకటి.

స్నానానికి ముందు నువ్వులనూనె పట్టించి, రెండు చెంచాల పిండిని నీటితో కలిపి నలుగు పెట్టుకొనవలెను. జిడ్డు చర్మం గలవారు ముఖానికి నూనె మానవచ్చును. మొదటిసారి ముంజేతిపై కొద్దిగా రాసి, మరునాటి వరకు దురద, దద్దురు లేనిచో వాడవలెను.

మిగిలిన సొమ్ము

పోపులడబ్బాలో దాచిన సొమ్ము ఆపదలో ఎన్ని సంసారాలను ఆదుకొన్నదో మన తల్లులకు తెలుసు. ఇట్లు మిగిలినది నెలకు 200 రూపాయలైనను, గృహిణి తన పేరిట తపాలా కార్యాలయపు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకొనవచ్చును. నెలకు 100 రూపాయలతోనే ఖాతా తెరవవచ్చును. ఐదేళ్లకు అసలే 12,000 రూపాయలవుతుంది; వడ్డీ అదనం. నిత్యం నలుగు, నెలనెలా పొదుపు: ఈ రెండింటిని దినచర్యలో భాగం చేసుకొన్న ఇల్లాలికి కష్టకాలంలో మనోధైర్యం తగ్గదు.