ఎండలో పండిన పులుపు

సాంతోరినిలో ద్రాక్షకు పందిరి వేయరు. తీగను నేలమీదే గుండ్రంగా బుట్టలా అల్లుతారు. గుత్తులు ఆ బుట్టలోపల దాక్కుని పండుతాయి. దీన్ని ‘కులూరా’ అంటారు. ఈజియన్ సముద్రపు ఈదురుగాలి ఇసుకను ఎగరేసి కొడుతుంటే, పైనుంచి ఎండ మాడుస్తుంటే, కాయకు అదే కాపు. ఏటా చలికాలంలో కత్తిరింపులప్పుడు రైతు నేలమీద వంగి, పాత బుట్టకే కొత్త రెమ్మలు చుడతాడు. కొన్ని దశాబ్దాలకు కాపు తగ్గిందంటే బుట్టను నరికేస్తారు. కింద వేరు బతికే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఇక్కడి కొన్ని వేళ్ల వయసు వందేళ్లు దాటి చాలాకాలమైంది.

ఈ గ్రీకు దీవి సుమారు 3,600 ఏళ్ల కిందట బద్దలైన అగ్నిపర్వతం అంచు. నేలంతా బూడిద, లావా, ప్యూమిస్ రాయి. బంకమన్ను దాదాపు లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని ఊడ్చేసిన ఫిలాక్సెరా పురుగు ఇలాంటి నేలలో బతకలేదు కాబట్టి, ఇక్కడి తీగలు ఇప్పటికీ అంటు కట్టకుండా సొంత వేళ్లమీదే నిలబడ్డాయి. వేసవిలో వాన ఉండదు. రాత్రి సముద్రం మీంచి వచ్చే తేమను ప్యూమిస్ పీల్చి దాచుకుంటుంది.

ఇక్కడి తెల్లద్రాక్ష అసిర్తికో. మామూలుగా ఎండ ముదిరేకొద్దీ ద్రాక్షలో తీపి పెరిగి, పులుపు విరుగుతుంది. ఇది మాత్రం తీపి నిండాక కూడా పులుపు వదలదు. నేలలో పొటాషియం తక్కువ కావడం ఒక కారణమంటారు. ఆగస్టులోనే కోసి, చక్కెర మిగలకుండా పులియబెడితే నిమ్మతొక్క వాసన, నాలుక చివర ఉప్పదనం, కాస్త పొగచూరిన రాయిలాంటి రుచితో ‘డ్రై’ వైన్ తయారవుతుంది. పూలు, పండ్ల ఘుమఘుమలు ఆశించేవాళ్లకు మొదటి గుక్క కటువుగానే ఉంటుంది.

భోజనంతో పాటు తాగితే దీని అసలు పని తెలుస్తుంది. చేపమీద నిమ్మకాయ పిండే అవసరం తప్పిస్తుంది. నిప్పులమీద కాల్చిన ఆక్టోపస్, వేయించిన కలమారి, పుదీనా వేసిన టమాటా వడలు... నూనె, పొగ ఉన్నచోట ఈ పులుపు నోటిని కడిగేస్తుంది. నా ఓటు మాత్రం ఫావాకే. కేసరి పప్పుకు దగ్గరి చుట్టమైన పప్పును మన ముద్దపప్పులా మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, కేపర్లు, ఆలివ్ నూనె వేస్తారు. ఆ చప్పిడి కమ్మదనానికి ఇంతకన్నా మంచి తోడు లేదు. లాబ్‌స్టర్‌తో తాగమని హోటళ్లు చెప్పేది బిల్లు పెరగడానికేనేమో!

మన చేపల పులుసుతో మాత్రం వద్దు. ఇందులో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది, కారాన్ని ఇంకా మండిస్తుంది. కారం తగ్గించిన వంజరం వేపుడైతే సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే పులుపొక్కటే తెలుస్తుంది. 10, 12 డిగ్రీలకు వచ్చేదాకా ఆగాలి.

ధర ఏటా పెరుగుతోంది. బుట్టతీగ కాపే తక్కువ, దానికితోడు తోటల జాగాలో హోటళ్లు లేస్తున్నాయి. ఈలోగా ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీకి చెందిన జిమ్ బ్యారీ సంస్థ అసిర్తికోను తమ తోటల్లో నాటి, 2016 పంటతో సీసాలు అమ్మడం మొదలుపెట్టేసింది.