పూత తీసినా నిలిచే పేజీ

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పేరు వినని తెలుగిల్లు అరుదు. రాగి, ఇత్తడి లాంటి లోహంతో నగ చేసి, పైన పల్చగా బంగారు పూత వేస్తారు. ఈ ఊరి పిల్లలకు వెబ్‌సైట్ డిజైన్ నేర్పాలంటే అక్కడే మొదలుపెట్టొచ్చు. వెబ్ పేజీలోనూ నగ వేరు, పూత వేరు. నగ హెచ్‌టీఎంఎల్, పూత సీఎస్‌ఎస్.

ముందు పుట్టింది నగే. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో ఒక కంప్యూటర్లోని సమాచారం మరో కంప్యూటర్లో చూడాలంటే తలనొప్పిగా ఉండేది. విరుగుడుగా టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఒక ప్రతిపాదన రాశాడు. 1990 చివరికల్లా తొలి బ్రౌజర్, తొలి సర్వర్ నడిచాయి. 1991 నాటి హెచ్‌టీఎంఎల్‌లో పట్టుమని ఇరవై ట్యాగులు లేవు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని చెప్పడమే వాటి పని. రంగుల ఊసే లేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది.

జనం చేరాక సోకులు మొదలయ్యాయి. రంగులు, ఫాంట్లు అన్నీ ట్యాగుల్లోనే కుక్కడంతో, శీర్షికల రంగు మార్చాలంటే ప్రతి పేజీనీ తెరిచి దిద్దాల్సి వచ్చేది. 1994లో నార్వేకు చెందిన హోకున్ వియుమ్ లీ సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. అలంకారమంతా ఒక్క ఫైల్లోకి చేరింది.

తొలినాటి తెలుగు సైట్లలో చాలావాటికి చిక్కు పూతలో కాదు, లోపలి అక్షరాల్లోనే ఉండేది. లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, పైన తెలుగు ఆకారాలున్న ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ నిండా పిచ్చి గుర్తులే. అందులోని తెలుగు మాట వెతికితే దొరికేది కాదు. యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక అవి మామూలు కంప్యూటర్లలోనూ అక్కరకొచ్చాయి.

‘చిలకలపూడి’ మన కంటికి ఆరక్షరాలు. కంప్యూటరుకు తొమ్మిది సంకేతాలు: చ 3098, దాని మీది గుడి 3135, ఇలా. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 27.

నగ అంటే ఇలాంటి అక్షరాలే కాబట్టి తొలి పాఠానికి నోట్‌ప్యాడ్ చాలు. ఊరి పేరు శీర్షికగా, నగల తయారీ గురించి ఒక పేరా, పాండురంగడి గుడి ఫొటో, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేలా ఆ ఫొటోకు ఒక వాక్యం. తర్వాతే సీఎస్‌ఎస్. అంతా అయ్యాక ఆ సీఎస్‌ఎస్‌ను తీసేసి చూడమనాలి. పేజీ పైనుంచి కిందికి తడబడకుండా చదవగలిగితే పని వచ్చినట్టే.