ఉల్వుల్ ఎక్కడుంది?

సికింద్రాబాద్ పుట్టుక గురించి చదివితే ఒక మాట తప్పక తగులుతుంది: 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టకముందు ఆ చోటు 'ఉల్వుల్' అనే పల్లెట. సికింద్రాబాద్ పక్కనున్న అల్వాల్‌లో బస్సు దిగి ఉల్వుల్‌కు దారెటని అడిగి చూడండి, మనిషిని ఎగాదిగా చూస్తారు.

నా లెక్కలో ఉల్వుల్ అంటే అల్వాలే. అప్పటి ఇంగ్లీషువాళ్లు మన 'అ'కారానికి 'యు' అక్షరం వాడేవారు. వాళ్ల 'కట్', 'బట్' మాటల్లో ఆ అక్షరం పలికేది అలాగే కదా. పంజాబ్ స్పెల్లింగులో అది ఇప్పటికీ కూర్చునే ఉంది. రాజస్థాన్‌లోని అల్వర్‌నూ అలాగే రాశారు. 1870లలో మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే హంటర్ పద్ధతి వచ్చాక 'యు' పోయి 'ఎ' వచ్చింది. పాత రాతను కొత్త కళ్లతో చదివిన మనవాళ్లు లేని ఊరొకటి పుట్టించారు.

ఈ తంటా మనదొక్కటే కాదు. ఐర్లండ్‌లో 1824లో పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే మొదలయ్యేనాటికి అక్కడి పల్లెల గేలిక్ పేర్లు ఇంగ్లీషు రాతలో ఆనవాలు పట్టలేనట్టుగా మారిపోయాయి. గేలిక్‌లో గుట్టను 'క్నొక్' అంటే పటంలో 'నాక్' అయింది. ఊరికి వాళ్ల మాట 'బ్యాలీ'గా మారింది. (మన 'పల్లి'లా వినిపిస్తుంది గానీ చుట్టరికమేమీ లేదు.) 1830లలో జాన్ ఓడొనవన్ అనే పండితుడు జిల్లాలు తిరిగి, గేలిక్ వచ్చిన పెద్దల నోట ప్రతి పేరూ విని, పాత పత్రాలతో పోల్చి చూశాడు. సర్వే పేర్ల పుస్తకాల్లో ఒక్కో ఊరికి దొరికిన రాతలన్నీ వరసగా ఎక్కించి, ఏది ఖాయం చేశారో కూడా రాశారు.

మనకూ అలాంటి ఆస్తి ఉంది. గేలిక్ మాట్లాడే లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ ఇక్కడ సర్వే పనిలో ఉండగా, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారి సాయంతో గ్రామ కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర చెప్పే రాతలు, సేకరించాడు. ఊరికి ఆ పేరెలా వచ్చిందో చాలా కైఫీయతుల్లో కనిపిస్తుంది. వాటిలో కట్టుకథలూ ఉంటాయి, అయినా ఊరివాళ్లు తమ పేరును ఎలా అర్థం చేసుకున్నారో తెలుస్తుంది. అల్వాల్‌ను ఆళ్వారులకు ముడిపెట్టే కథనూ అలాగే రాసుకోవాలి. పోలిక వినసొంపుగా ఉన్నంత మాత్రాన రుజువైపోదు.

అల్వాల్ చుట్టుపక్కల చూడండి. లోతుకుంట ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమవుతుంది. తిరుమలగిరి మాత్రం కంటోన్మెంట్ రాతలో 'ట్రిమల్‌ఘెర్రీ' అయి, కొండను పోగొట్టుకుంది. ఇంగ్లీషు బోర్డు చూసి తిరిగి తెలుగులో రాస్తే అసలు పేరు దొరకదు.

పాత అల్వాల్ పటం గీసేవాళ్లు పెద్దలు పలికే మాటను ముందు రాసి, పక్కన ఉల్వుల్‌నీ ఉంచాలి. రెండువందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు కాగితాలు తిరగేసేవాళ్లకు ఊరు దొరికేది ఆ పాతరాతలోనే.