పందెపు కారులో ఆరు పట్టీలు

1952 జూన్‌లో ఇటలీలోని మోంజా పందెంలో ఫాంజియో కారు అదుపు తప్పింది. ముందురోజు ఉత్తర ఐర్లండులో పందెం. పారిస్ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి, ఆ అలసటతోనే ఆయన పందెంలో దిగాడు. రెండవ చుట్టులో కారు పల్టీకొట్టి ఆయనను బయటికి విసిరేసింది. మెడ ఎముక విరిగింది. ప్రాణం మాత్రం దక్కింది. ఆ తరువాత ఆయన మరి నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు!

ఇటువంటివి చూసే ఆనాటి డ్రైవర్లు చాలామంది నడుముకు పట్టీ కట్టుకోమంటే వద్దన్నారు. కారు నిండా పెట్రోలు. అంటుకుంటే కట్టేసుకున్నవాడి గతేమిటి? దానికంటే బయటపడి నాలుగెముకలు విరగ్గొట్టుకోవడమే మేలని వాళ్ళ లెక్క. పడి బతికినవాడు ఆ కథ చెప్పాడు. చెట్టుకో రాతికో కొట్టుకున్నవాడు చెప్పడానికి మిగలలేదు గదా!

సరిగ్గా కట్టుకుంటే మనిషి శరీరం ఎంత తట్టుకుంటుందో 1954 డిసెంబరులో జాన్ స్టాప్ అనే అమెరికన్ వైమానికదళ వైద్యుడు తన ఒంటిమీదే పరీక్షించి చూపించాడు. రాకెట్లు బిగించిన బండిలో గంటకు 632 మైళ్ళ వేగం అందుకుని, సెకనున్నర లోపల ఆగిపోయాడు. అతని బరువుకు 46 రెట్ల ఒత్తిడి పడింది. కళ్ళలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది, మళ్ళీ వచ్చింది. ఆయన 89 ఏళ్ళు బతికాడు.

ఇక పాత కారు సంగతి. ఇంగ్లండులో ఆబింగ్డన్ కార్ఖానా 1962 నుంచి 1980 దాకా తయారుచేసిన ఎం.జి.బి. అనే రెండు సీట్ల కారునే తీసుకుందాం. అటువంటివి ఐదు లక్షలకు పైగా తయారైనాయి. దాన్ని ముచ్చటగా బాగుచేయించి సెలవురోజుల్లో పందెపు బాటమీద తిప్పేవారు ఈనాటికీ ఉన్నారు. కొత్త సీటూ పట్టీలూ కొని, ఒక సాయంత్రం కూర్చుని నాలుగు బోల్టులు బిగిస్తే పని అయిపోయిందనుకుంటారు. చిక్కంతా అక్కడే.

70 కిలోల మనిషి మీద 20 రెట్ల ఒత్తిడి పడిందనుకోండి. అంటే 1400 కిలోల బరువును ఆ బోల్టులు ఆపాలి. ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ లేదు. అడుగు రేకూ, పక్కల దూలాలూ కలిసే దాని బలం. తుప్పు మొదట పట్టేదీ వాటికే. తివాసీ ఎత్తి చూస్తే పైన పటారం, లోన లొటారం! అందుకే ముందు రేకు బాగుచేయించి, బోల్టు దిగేచోట ఉక్కు పలక వేయాలి. అంతర్జాతీయ పందేల నియమాల ప్రకారం ఆ పలక 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యానికి తగ్గకూడదు. ఉత్త వాషర్ వేస్తే, పట్టీ లాగినప్పుడు బోల్టు రేకును చీల్చుకుని ఊడివస్తుంది.

భుజాల పట్టీలదే అసలు మెలిక. సీట్ల వెనుక నేల ఖాళీగా కనిపిస్తుంది గనుక చెయ్యి అక్కడికే పోతుంది. అక్కడ బిగిస్తే పట్టీ భుజం మీదినుంచి నిటారుగా కిందికి దిగుతుంది. గుద్దుకున్న క్షణంలో మనిషిని వెనక్కి పట్టే బదులు కిందికి నొక్కి వెన్నెముకను నలిపేస్తుంది. పట్టీ వెనక్కి దాదాపు అడ్డంగా పోవాలి. వాలు 10 డిగ్రీలైతే మంచిది, 45 దాటనే కూడదు. అందుకు సీట్ల వెనుక విల్లులా వంచిన ఉక్కు గొట్టం నిలిపి, భుజాల ఎత్తున దానికో అడ్డగొట్టం అతికిస్తారు. పైకప్పు లేని కారులో ఆ విల్లుకు ఇంకో పనీ ఉన్నది. కారు తలకిందులైతే, కట్టేసుకున్నవాడు కిందికి వంగలేడు. విల్లు అతని శిరస్త్రాణం కంటే ఎత్తుగా లేకపోతే నేలకు ముందు తగిలేది తలే! కొత్త సీటు రెండంగుళాలు ఎత్తయిందా, లెక్కంతా తారుమారు.

పాత సీటు వీపు పొట్టిది, తలకు ఆనిక లేదు. పందెపు సీటు ఒకే డిప్ప. పట్టీలు దూరడానికి భుజాల దగ్గర కంతలుంటాయి. మొండెం అంత గట్టిగా నిలిచిపోతే తల ఒక్కటీ ముందుకు విసురుకుంటుంది. 2001లో డేటోనా పందెంలో డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం విరిగి చనిపోయాడు. శిరస్త్రాణాన్ని భుజాలకు ముడివేసే సాధనం అప్పటికే ఉన్నా, ఆయన దాన్ని వాడలేదు. బజారుకు వెళ్ళేటప్పుడు శిరస్త్రాణం ఎవరూ పెట్టుకోరు గనుక, మామూలు రోడ్డుకు 1959లో నిల్స్ బోలిన్ వోల్వో కంపెనీకి రూపొందించిన మూడు కొసల పట్టీయే మేలని నా అభిప్రాయం.

నడుముపట్టీ పొట్టమీద కాక తుంటి ఎముకల మీద ఆనాలి. ముందు అది బిగించి, తరువాత భుజాలవి లాగాలి. భుజాల పట్టీలు నడుముపట్టీని పైకి లాగకుండా తొడల మధ్యనుంచి రెండు పట్టీలు పట్టి ఉంచుతాయి. ఇబ్బందిగా ఉంటుందని చాలామంది వదిలేసేవి ఈ రెండే.

1970 సెప్టెంబరు 5న అదే మోంజాలో జోకెన్ రింట్ కారు కంచెకు గుద్దుకుంది. మంటలు లేస్తే త్వరగా దిగిపోవచ్చునని ఆయన తొడల పట్టీలు కట్టుకునేవాడు కాదు. మంటలు లేవలేదు. శరీరం కిందికి జారి, పట్టీల కొలికి గొంతుకు తగిలింది. ఆ ఏటి చాంపియన్ ఆయనే. కప్పు భార్య నీనా అందుకున్నది.