బొమ్మలకూ ఓ ఇల్లు!

ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఒకటే గోల. కాఫీ గ్లాసుతో పిల్లల గదిలో అడుగుపెట్టిన నాన్న అరికాలికి ప్లాస్టిక్ బ్లాకు చురుక్కున గుచ్చుకుంది. కాఫీ కాస్తా దుప్పటి మీద ఒలికింది. 'వీటన్నిటినీ మూటగట్టి కృష్ణలో కలిపేస్తా' అని నాన్న కేక. అన్నంత పనీ చేస్తాడేమోనని రెండున్నరేళ్ల తమ్ముడు రాగం అందుకున్నాడు. 'అన్నీ వాడే పడేశాడు. నా పజిల్ ముక్కలు కూడా పోగొట్టాడు' అని ఐదో తరగతి అక్క ఫిర్యాదు. చివరికి అమ్మ వచ్చి, అన్నిటినీ ఓ పాత దుప్పట్లో పోగేసి మంచం కిందికి తోసేసింది. గది శుభ్రం! సాయంత్రానికి మళ్లీ కథ మొదటికి.

ఇబ్రహీంపట్నంలో ఇది ఏ ఇంటి కథైనా కావచ్చు. థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్సయినా, ఫెర్రీ వైపు అద్దె పోర్షనయినా పిల్లలిద్దరికీ కలిపి దొరికేది చిన్న గదే. మంచం, బీరువా, స్కూలు బ్యాగులు పోగా బొమ్మలకు మిగిలేది నేల. 'ఇంకో గది ఉంటేనా...' అని నిట్టూర్చని తల్లి ఉండదు. కానీ గది పెద్దదైతే చిందరవందర కూడా పెద్దదవుతుందంతే. అన్నం గిన్నెకు వంటింట్లో ఓ చోటుంది. చెప్పులకు గుమ్మం పక్కన ఓ చోటుంది. బొమ్మకే ఏ చోటూ లేదు. అసలు చిక్కు అదే.

కొలువు నేర్పిన పాఠం

విచిత్రమేమిటంటే, దేశమంతటికీ బొమ్మలు పంపే ఊరు ఇబ్రహీంపట్నం పక్కనే ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను ఎండబెట్టి, ఒక్కో భాగాన్నీ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి రంగులద్దుతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, గీత కార్మికుడు ఎక్కుతున్న తాటిచెట్టు... ఇవన్నీ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇళ్లలో సంక్రాంతికో దసరాకో కొలువు తీరేవి. ఇప్పటికీ తీరుతున్న ఇళ్లున్నాయి.

కొలువు ఎలా పెడతారో గుర్తుచేసుకోండి. మూడో, ఐదో, ఏడో మెట్లు. ఏ మెట్టు మీద ఏ బొమ్మో ముందే లెక్క. పండగ అయిపోగానే ఒక్కో బొమ్మనూ మెత్తటి పాతబట్టలో చుట్టి పెట్టెలో పెట్టి అటకెక్కించేస్తారు. మళ్లీ ఏడాదికి దించినప్పుడు, పాత బొమ్మలే అయినా పిల్లల కళ్లకు కొత్తగా మెరుస్తాయి. నాయనమ్మలకు తెలిసిన ఈ రహస్యమే ఇవాళ్టి పిల్లల గదికీ మందు. అన్ని బొమ్మలూ అన్ని రోజులూ కళ్లముందు ఉండక్కర్లేదు.

పరిశోధకులూ ఇదే మాటంటున్నారు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లలోపు పిల్లలు 36 మందిని పరిశీలించారు. ఓసారి నాలుగు బొమ్మలిచ్చారు, మరోసారి పదహారు ఇచ్చారు. పదహారున్నప్పుడు పిల్లలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడుకున్నారు. అంటే, బొమ్మలు తగ్గితే ఆట తగ్గదు. పెరుగుతుంది!

ముందు నాలుగు కుప్పలు

ఓ సెలవు రోజు మధ్యాహ్నం చాప పరిచి బొమ్మలన్నీ దానిమీద పొయ్యండి. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకోండి. వాళ్లు నిద్రపోయాక, బడికి వెళ్లాక చేసే పని కాదిది. తను లేనప్పుడు బొమ్మ మాయమైందని తెలిసిన పిల్ల ఆ తర్వాత చాక్లెట్ కాగితాన్ని కూడా వదలదు.

మొదటి కుప్ప: రోజూ ఆడుకునేవి. తమ్ముడికి నాలుగైదు, అక్కకు నాలుగైదు చాలు.

రెండోది: కొన్నాళ్లు అటకమీద దాచేవి. రెండు మూడు వారాలకోసారి వాటిని దించి, కింద ఉన్నవాటిలో కొన్నిటిని పైకి పంపాలి.

మూడోది: వయసు దాటిపోయినవి. గిలక్కాయలు, తోపుడుబండ్లు బాగున్నంతకాలం ఎవరి పాపాయికైనా, అంగన్‌వాడీకైనా ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు పిల్లల చేతే ఇప్పించండి.

నాలుగోది: విరిగినవి. చక్రం ఊడిన కారుకు రిపేరు చెయ్యగలిగితే ఆ వారంలోనే చెయ్యాలి. లేదంటే సెలవు చెప్పాలి. అంచులు పదునెక్కిన ప్లాస్టిక్ ముక్కలను మాత్రం ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

అక్కకు ఓ తాళం

ఒకే గదిలో పెరిగే పిల్లలకు 'ఇద్దరూ కలిసి ఆడుకోండి' అని చెప్పడం తేలిక. కానీ పదేళ్ల పిల్ల గంటసేపు కట్టిన కోటను రెండున్నరేళ్ల తమ్ముడు ఒక్క దెబ్బతో కూల్చేస్తే, 'చిన్నవాడు కదమ్మా, పోనీలే' అన్న మాట ఆ పిల్లకు న్యాయంగా తోచదు. రోజూ పోనీలే అనిపించుకున్న పిల్లకు తమ్ముడంటేనే విసుగొస్తుంది. అందుకే అక్కకంటూ తాళం ఉన్న ఓ చిన్న పెట్టె ఇవ్వండి. అందులో ఏమున్నాయని అమ్మ కూడా అడగకూడదు. తమ్ముడికీ ఓ బుట్ట ఉండాలి. దాన్ని అక్క అడక్కుండా ముట్టకూడదు. బంతులు, లక్కపిడతలు, బొమ్మల పుస్తకాల్లాంటివి ఇద్దరివీ. 'నాది' అనడానికి ఒకటుంటే 'మనది' అనడం పిల్లలకు కష్టం కాదు.

ఆ తాళానికి ఇంకో పెద్ద ప్రయోజనం ఉంది. మూడేళ్లలోపు పిల్లలు చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. గోళీలు, పూసలు, చిన్న బ్లాకులు, బొమ్మ చెప్పులు గొంతుకు అడ్డంపడితే ఊపిరి ఆగిపోతుంది. బొమ్మలోంచి ఊడిన బొత్తాం బ్యాటరీ మరీ ప్రమాదం. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. కాబట్టి చిన్న ముక్కలున్న ఆటవస్తువులన్నీ అక్క పెట్టెలోనే. మంచం మీదో బల్ల మీదో కూర్చుని ఆడుకోవాలి, ఆట కాగానే లెక్కపెట్టి పెట్టెలో వేసుకోవాలి.

కొత్తవి కొనేటప్పుడూ ఈ జాగ్రత్త అవసరం. పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన నిబంధన 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు అందులో మినహాయింపు ఇచ్చారు. చేతిబొమ్మ కొంటున్నారంటే, ఊడివచ్చే ముక్కలేమైనా ఉన్నాయా అని చూసుకోవాల్సింది మీరే.

చేతికందే ఎత్తులో...

1907లో రోమ్ నగరంలో మరియా మాంటిస్సోరి పేదపిల్లల కోసం బడి తెరిచారు. ఆటవస్తువులన్నీ బీరువాలో ఉండేవి. టీచరమ్మ తాళం తీసి పంచేది. ఓ రోజు ఆమె తాళం వెయ్యడం మర్చిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుని ఆడుకుంటున్నారు. అది దొంగతనం కాదని, ఏది కావాలో పిల్లలకు తెలుసునని మాంటిస్సోరి గ్రహించారు. ఆపైన పొట్టి అలమరాలు పెట్టించారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఆ పద్ధతినే మన టీచర్లకూ నేర్పారు.

తీసుకోవడం తెలిసిన చెయ్యి తిరిగి పెట్టడమూ నేర్చుకుంటుంది. కాకపోతే ఆ చోటు దానికి అందాలి. తమ్ముడి అర నేల నుంచి రెండడుగుల ఎత్తు దాటకూడదు. అక్కది వాడు చెయ్యి చాచినా అందనంత ఎత్తులో ఉండాలి. గోడ వారగా నిలబెట్టిన అలమరాను మేకులతో గోడకు బిగించడం మరవకండి. పిల్లలు అరలనే మెట్లుగా చేసుకుని ఎక్కేస్తారు.

ఖరీదైన సామాను అక్కర్లేదు. చెప్పుల స్టాండును కడిగి రంగేస్తే కార్లకు గ్యారేజీ. తలుపు వెనక మేకులకు తగిలించిన గుడ్డసంచులు మెత్తటి బొమ్మలకు ఉయ్యాల. అటకమీది పాత ట్రంకుపెట్టె మంచం కిందికి సరిగ్గా పడుతుంది. అయితే బరువైన మూత పిల్లల వేళ్లమీద పడకుండా దాన్ని తీసేసి గుడ్డ కప్పండి. ఖాళీ బిస్కెట్ డబ్బాలు పజిళ్లకు, రంగు పెన్సిళ్లకు సరిపోతాయి. డబ్బామీద లోపలున్న బొమ్మ చిత్రం అతికించండి. చదవడం రాని తమ్ముడు కూడా దాన్ని 'చదివి' సరైన డబ్బాలో వేస్తాడు.

ఇబ్రహీంపట్నం ఇళ్లకు మాత్రం ఓ ప్రత్యేక సూచన. పత్రికల్లో కనిపించే తెరిచిన అరలు ఇక్కడ కుదరవు. థర్మల్ కేంద్రం బూడిద, లారీల దుమ్ము కిటికీలోంచి వచ్చి అన్నిటి మీదా పొరకడతాయి. మూతలున్న డబ్బాలు, అరలకు ఓ పాత చీర తెర ఉంటే నయం. మెత్తటి బొమ్మలను నెలకోసారి ఉతికి ఎండలో వెయ్యాలి. కొండపల్లి బొమ్మలను తడిబట్టతో తుడిస్తే రంగు, కర్ర రెండూ చెడతాయి. పొడి బ్రష్‌తో దులిపి, పాతబట్టలో చుట్టి, చెమ్మ తగలనిచోట దాచాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. నీళ్లొచ్చే ప్రాంతాల్లో కింద ఉంచేవి కడిగితే పోయే ప్లాస్టిక్ వస్తువులే అయ్యుండాలి. కర్రబొమ్మలు, కాగితం పుస్తకాలు, తాతయ్య తెచ్చిన బొమ్మ పై అరల్లో ఉండాలి.

ఐదు నిమిషాల ఆట

సర్దడం శిక్ష అయితే పిల్లలు తప్పించుకుంటారు. ఆట అయితే పోటీపడతారు. రాత్రి అన్నానికి ముందు ఐదు నిమిషాలు పెట్టుకోండి. 'గది సర్దండి' అంటే చిన్నవాడికి అర్థంకాదు. 'ఏనుగుకు నిద్రొస్తోంది, దాని ఇంటికి తీసుకెళ్లు' అనండి. పరుగెడతాడు. మొదటి వారం మీరూ పక్కన కూర్చోవాలి. ఓ రోజు తప్పినా తిట్టక్కర్లేదు.

అన్నీ చేశాక కూడా మంచం కింద ఓ బ్లాకు, దిండుకింద ఓ కారు దొరుకుతూనే ఉంటాయి. పిల్లలున్న ఇల్లంటే అదే కదా! కాకపోతే ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ కేకలు వెయ్యరు. నాన్నే వంగి తీసి 'ఒరేయ్, ఇది ఇంటిదారి తప్పినట్టుంది' అంటాడు. తమ్ముడు తీసుకెళ్లి డబ్బాలో వేస్తాడు. తన పెట్టెకు తాళం వేసుకున్న అక్క, వాడు అడక్కుండానే డబ్బా మూత పట్టుకుంటుంది.